మనవడి కోసం వచ్చిన నానమ్మ, ఊళ్ళో ఉండిపోయిన తాతయ్య: ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేసు

నిజాంపేటలోని ఒక అపార్టుమెంటు సముదాయం నుంచి 66 ఏళ్ళ నానమ్మను ఆవిడ కోడలు మా కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకువచ్చింది. పంపినవారు ఆ కుటుంబానికి అలవాటైన వైద్యురాలు. చీటీలో ఆమె రాసినది క్లుప్తంగా ఉంది: నిద్ర లేదు, మతిమరుపు, తరచూ కన్నీళ్ళు, మానసిక పరిశీలన అవసరం. కోడలి మాటల్లో సమస్య మరో రూపంలో వినిపించింది. అత్తయ్య స్టవ్ ఆపడం రెండుసార్లు మరిచిపోయారని, రెండున్నరేళ్ళ బాబుకు అన్నం పెట్టేటప్పుడు ప్రతిసారీ ఫోను చేతికిస్తున్నారని, ఎందుకిలా అని అడిగితే ఆ పూట భోజనం మానేస్తున్నారని ఆమె చెప్పింది. నానమ్మ మాత్రం ఆ రోజు దాదాపు ఒకే మాట మాట్లాడారు: "నాకు జబ్బేం లేదమ్మా. మా ఊరు పంపించెయ్యండి, అదే తగ్గిపోద్ది."

ఇంట్లో వాళ్ళు ఆ మాటను అలకగా తీసుకున్నారు. పెద్దవయసులో నగరానికి వచ్చినవారు మొదటి సమావేశంలోనే ఇలా అన్నప్పుడు దాన్ని తోసిపుచ్చకూడదని నా అభిప్రాయం. తమ బాధ ఎక్కడ మొదలైందో వారికి తెలిసే ఉంటుంది. దాన్ని విడమరిచి చెప్పుకునే చోటు దొరికి ఉండదు. అత్తాకోడళ్ళ తగవుగా మా ముందుకు వచ్చిన ఈ కేసులో అసలు చిక్కు 47 ఏళ్ళ కాపురం రెండు రాష్ట్రాల్లో చెరోచోట సాగుతూ ఉండటంలో ఉందని, దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ఒక సమస్యగా లెక్కించలేదని పని ముందుకు సాగేకొద్దీ తెలిసింది.

కుటుంబ సభ్యులందరి అనుమతితో, వారిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి ఈ కేసును రాస్తున్నాను. పేర్లకు బదులు నానమ్మ, తాతయ్య, కొడుకు, కోడలు అనే వరసలే వాడుతున్నాను.

కుటుంబం, వలస

నానమ్మ, తాతయ్యలది కోనసీమలోని ఒక పల్లె. ఎకరంన్నర కొబ్బరితోట, పెంకుటిల్లు, మొన్నమొన్నటిదాకా ఒక పాడిగేదె. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూతురు బెంగళూరులో. కోడలు దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగిన అమ్మాయి, ఆమెదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. ఆచారం ప్రకారం మొదటి కాన్పు పుట్టింట్లో జరిగింది. అయిదో నెలలో బాబును అత్తవారింటికి తెచ్చారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించిన తరువాత ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది కనుక ఏడో నెల వచ్చేసరికి కోడలు తిరిగి ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. బాబు అమ్మమ్మ ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, ఇంకా సర్వీసు ఉంది, పైగా మంచంపట్టిన తన అత్తగారిని ఆవిడే చూసుకోవాలి. దాంతో కబురు కోనసీమకు వెళ్ళింది.

"ఒక్క మూడు నెలలు వచ్చి ఉండమ్మా" అన్నాడు కొడుకు. మూడు నెలలయ్యాక బాబు నడిచేదాకా అన్నారు, నడిచాక మాటలు వచ్చేదాకా అన్నారు, మాటలు వచ్చాక స్కూల్లో వేసేదాకా అన్నారు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. గడువు మాత్రం ప్రతిసారీ బాబు ఎదుగుదలతో పాటు ముందుకు జరుగుతూ పోయింది. మా దగ్గరికి వచ్చేనాటికి ఆవిడ నగరానికి వచ్చి రెండేళ్ళు దాటింది.

తాతయ్య వయసు 72. మొదట్లో ఆయనా వచ్చి నెలన్నర ఉన్నారు. పద్నాలుగో అంతస్తులో ఆయనకు చేయడానికి పని లేదు, కూర్చోవడానికి అరుగు లేదు. ఊళ్ళో ఉంటే సుమారు రెండు నెలలకోసారి కొబ్బరి దింపు, అంటే కాయలు కోయించడం, ఉంటుంది. దింపు రోజున యజమాని చెట్టు కింద లేకపోతే కాయల లెక్క యజమానికి దక్కదని కోనసీమలో అందరికీ తెలుసు. ఆపైన పింఛను ఉంది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి చేతికిస్తారు. ఒకటి రెండు నెలలు ఊళ్ళో లేకపోయినా మూడో నెలలో కలిపి తీసుకునే వెసులుబాటు తరువాత వచ్చింది గానీ, ఆ సంగతి ఆయనకు తెలియదు. గేదెను అమ్మేసి, తోట చూసుకుంటూ, అన్నం తనే వండుకుని సెంటర్లోని కర్రీ పాయింటు నుంచి కూరలు తెచ్చుకుంటూ ఆయన అక్కడే ఉండిపోయారు. ఆయనకు షుగరు ఉంది.

కూకట్‌పల్లి, మియాపూర్, కొండాపూర్, తెల్లాపూర్ వైపు పని చేసే కౌన్సెలర్లకు ఇలాంటి ఇల్లు కొత్త కాదు. సాయంత్రం అయిదున్నరకు ఏ గేటెడ్ కమ్యూనిటీ ఆటస్థలానికి వెళ్ళినా గుంటూరు, నెల్లూరు, కరీంనగర్, ఖమ్మం యాసల్లో మాట్లాడుకునే నానమ్మలు, అమ్మమ్మలు పిల్లల బండ్లతో కనిపిస్తారు. 2011 జనగణనలో వలసకు కారణాలుగా ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్ళి, పుట్టాక తరలడం, కుటుంబంతో పాటు తరలడం, ఇతరం అన్న గళ్ళు మాత్రమే ఉన్నాయి. మనవల్ని పెంచడానికి వచ్చిన స్త్రీ 'కుటుంబంతో పాటు తరలడం' అన్న గడిలో చేరాలంటే ఆమె కుటుంబం ఏ ఊళ్ళో ఉన్నట్టో ముందు తేలాలి. ఈ నానమ్మ విషయంలో, భర్త ఒక చోట, ఆవిడ ఒక చోట.

పరిశీలన

మతిమరుపు అన్నారు కనుక ముందుగా దాని సంగతి చూడవలసి వచ్చింది. ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకున్నారు. ఆ చదువుకు తగిన పద్ధతిలో చేసిన ప్రాథమిక పరీక్షల్లో జ్ఞాపకశక్తి లోపమేదీ కనిపించలేదు. ఆ రోజు తిథి, రాబోయే దింపు ఏ వారంలో పడుతుందో, బాబుకు తరువాత వేయించవలసిన టీకా ఏదో తడుముకోకుండా చెప్పారు. స్టవ్ మరిచిపోయిన రెండు సందర్భాల్లోనూ ఆవిడ ముందు రాత్రి మూడు గంటలకు మించి నిద్రపోలేదు. రక్తపరీక్షల్లో థైరాయిడ్ మామూలుగా ఉంది గానీ బి12 తక్కువగా ఉంది. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 తగ్గడం తెలిసిన విషయమే. ఆవిడ పదకొండేళ్ళుగా ఆ మాత్ర వేసుకుంటున్నారు. వైద్యురాలు వెంటనే బి12 మొదలుపెట్టారు.

వృద్ధుల కుంగుబాటును అంచనా వేసే 15 ప్రశ్నల జీడీఎస్‌ను చదివి వినిపించి అడిగాను. 5 దాటితే మరింత పరిశీలన కావాలంటారు. ఆవిడకు 9 వచ్చింది. "దేవుడు తీసుకెళ్ళిపోతే బాగుండునండి" అన్న మాట కూడా ఒకసారి వచ్చింది. మన పెద్దవాళ్ళు మాటవరసకు అనే మాటే కదా అని దాన్ని వదిలేసేవారు ఉన్నారు, నేను వదలను. ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది, ఏదైనా చేసుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా, ఇంట్లో మాత్రలు ఎక్కడ ఉంటాయి అని నేరుగా అడిగాను. అలాంటి ఆలోచన లేదని, రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మాత్రం అలా అనిపిస్తుందని చెప్పారు. మానసిక వైద్యుడికి చూపించగా, స్వల్పం నుంచి మధ్యస్థం వరకు ఉన్న కుంగుబాటుగా గుర్తించి, మందులు వెంటనే మొదలుపెట్టకుండా బి12తో పాటు కౌన్సెలింగ్ సాగించి మళ్ళీ చూద్దామన్నారు.

ఈ బాధ ఎప్పుడు మొదలైందని ఎవరిని అడిగితే వారు ఒక్కో తేదీ చెప్పారు. కోడలి లెక్కలో హాల్లో కెమెరా పెట్టించిన నాటి నుంచి. కొడుకు లెక్కలో వేసవిలో బాబు ఫోను విషయంలో జరిగిన గొడవ నుంచి. నానమ్మ లెక్క వేరు. శ్రావణంలో వానలు పడుతుండగా తాతయ్య తోటగట్టు మీద జారిపడ్డారు, కుడి మణికట్టు విరిగింది. పక్కింటివాళ్ళు అమలాపురం తీసుకువెళ్ళి కట్టు వేయించారు. ఆ వారం కొడుకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, కోడలికి సెలవు దొరకలేదు, బాబుకు జ్వరం. ఆవిడ ఊరు చేరేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. కుడిచేయి కట్టులో ఉన్న మనిషి ఆ తొమ్మిది రోజులు ఏం తిన్నారో, అన్నం ఎలా కలుపుకున్నారో ఆవిడ ఆయన్ను అడగలేదు, ఆయన చెప్పలేదు. అయిదు రోజులుండి తిరిగి వచ్చారు. ఆ తరువాత ఆవిడకు నిద్ర లేదు.

ఆ కుటుంబంలో ఇంకెవరి కథనంలోనూ ఈ సంఘటన ఆరంభంగా రాలేదు. కొడుకు దాన్ని ప్రస్తావించాడు, నాన్నకు ఒంట్లో బాగులేనప్పుడు డబ్బు వెంటనే పంపానని చెప్పడానికి.

వేర్వేరుగా మాట్లాడినప్పుడు

అత్తాకోడళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టడానికి ముందు అందరితో విడివిడిగా మాట్లాడటం ఇలాంటి కేసుల్లో నా పద్ధతి. కోడలు అలసిపోయి ఉంది. వారంలో రెండు రోజులు ఆఫీసుకు వెళుతుంది, మూడు రోజులు ఇంటి నుంచి పని. అమెరికా బృందంతో ఫోన్లు రాత్రి పదకొండు దాకా సాగుతాయి. రెండు నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట మించకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన సంగతి ఆమెకు తెలుసు; ఆమె అడుగుతున్నది న్యాయమైనదే. అయితే అడిగే దారి ఆమెకు దొరకలేదు. "ఇదే మాట ఆయన అంటే కొడుకు చెప్పినట్టుంటుంది, నేనంటే కోడలు అన్నట్టుంటుంది" అంది. కెమెరా పెట్టింది భర్త. పక్క బ్లాకులో ఒక ఆయా బిడ్డను కొట్టిన సంగతి బయటపడ్డాక ఆ సముదాయంలో చాలా ఇళ్ళలో కెమెరాలు వచ్చాయట. అత్తయ్యను కనిపెట్టడానికి పెట్టింది కాదని ఆమె అంటుంది. ఆయా కోసం పెట్టిన కెమెరా తమ ఇంట్లో ఎవరి మీద తిరుగుతుందో ఎవరూ ఆలోచించలేదు.

కొడుకు మంచివాడు, మితభాషి. తల్లితో అతని సంభాషణ దాదాపుగా బాబు తిన్నాడా, పడుకున్నాడా అన్న రెండు ప్రశ్నల్లో ముగుస్తుంది. "అమ్మను మేమే కదండీ చూసుకుంటున్నాం" అన్నాడు. నానమ్మ లెక్కలో ఆవిడ వారిని చూసుకుంటోంది. ఈ రెండు లెక్కలూ ఒకే ఇంట్లో రెండేళ్ళుగా పక్కపక్కనే నడిచాయి. "మీ నాన్నగారు ఎలా ఉన్నారోనని మీ అమ్మగారికి బెంగ కలిగితే అది ముందుగా ఎవరికి తెలుస్తుంది?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "నాకైతే కాదు" అన్నాడు.

నానమ్మ తన గురించి మాట్లాడటానికి రెండు మూడు వారాలు పట్టింది. ఆవిడ బాబు గదిలోనే పడుకుంటారు. భర్తతో మాట్లాడాలంటే రాత్రి తొమ్మిదింటికి బాల్కనీలోకి వెళ్ళాలి; బాల్కనీ తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది, అక్కడ టీవీ నడుస్తూ ఉంటుంది. "ఆయన పూటకేం తిన్నారో అడగాలన్నా అందరి ముందూ అడగాలండి. ఈ వయసులో ఇదేం ముచ్చటని అనుకుంటారేమోనని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాను." తన బీపీ మాత్రలు అయిపోయినా కొడుకును అడిగే తెప్పించుకోవాలి. ఊళ్ళో పాల డబ్బు, కొబ్బరి డబ్బు ఆవిడ చేతి మీదుగా తిరిగేవి. ఇక్కడ కిందికి దిగాలన్నా లిఫ్టు, గేటు దగ్గర ఫోనులో అనుమతి. ఆ ఫోను పద్ధతి ఆవిడకు అంతగా పట్టుబడలేదు.

నేను కోడలిని ఒక చిన్న పని అడిగాను. ఇంట్లో మాటామాటా పెరిగిన రోజుల్ని క్యాలెండరు మీద గుర్తు పెట్టమన్నాను. నెల తిరిగేసరికి తేలినదాన్ని చూసి ఆమే ఆశ్చర్యపోయింది. గొడవలన్నీ, ఒకటి రెండు తప్ప, ఆమె ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లోనే జరిగాయి. స్టవ్ మరిచిపోయిన రెండు రోజులూ అలాంటివే. తల్లి ఆఫీసుకు వెళ్ళిన రోజు బాబు నానమ్మ చేతిలో హాయిగా తింటాడు. తల్లి పక్క గదిలో ఉండి తలుపు వేసుకున్న రోజు ఆ తలుపు బాదుతాడు, ఏడుస్తాడు, అన్నం ముట్టడు. లోపల మీటింగ్ నడుస్తుంది కనుక ఏడుపు వెంటనే ఆగాలి. వెంటనే ఆపగలిగిన వస్తువు ఫోను ఒక్కటే. అంటే నానమ్మ ఫోను ఇస్తున్నది కోడలి ఉద్యోగాన్ని కాపాడటానికి, కోడలు కోప్పడుతున్నది ఆ ఫోను గురించే.

మధ్యలో సంక్రాంతి వచ్చింది. అందరూ వారం రోజులు ఊరు వెళ్ళారు. రెండో రాత్రి నుంచి నానమ్మ తెల్లవారుజాము నాలుగున్నర దాకా పడుకున్నారని కోడలే చెప్పింది. పండగ సందడిలో ఎవరైనా బాగానే ఉంటారు కనుక నేను దానికి ఎక్కువ విలువ ఇవ్వదలచుకోలేదు. కానీ ఆ వారం ఆవిడ రోజుకు ఇరవై మందికి వండారు. నిద్రలేమికి అలసటే కారణమైతే ఆ వారం ఇంకా పెరగవలసింది.

నేను కేసును అర్థం చేసుకున్న తీరు

కుటుంబ చికిత్సలో సాల్వడార్ మినూచిన్ చెప్పిన సరిహద్దుల భావన మన కౌన్సెలర్లందరికీ పాఠంలో వచ్చినదే: దంపతుల చుట్టూ ఒక గీత, తల్లిదండ్రుల చుట్టూ ఒక గీత, తాతయ్య, నానమ్మల తరం దానికి బయట. దీన్ని మన ఇళ్ళకు యథాతథంగా తగిలిస్తే నానమ్మది అతిజోక్యం అన్న తీర్పు సులువుగా వచ్చేస్తుంది, ఆవిడను వెనక్కి తగ్గమని చెప్పడమే చికిత్స అవుతుంది. నేను ఆ భావనను వదులుకోలేదు గానీ వాడిన చోటు వేరు. ఆ ఇంట్లో కొడుకు, కోడళ్ళ దాంపత్యం చుట్టూ గీత ఉంది, వాళ్ళకొక గది ఉంది, వారాంతం ఉంది. ముసలి దంపతుల చుట్టూ ఏ గీతా లేదు. వాళ్ళిద్దరినీ ఒక జంటగా కాకుండా ఒకరు బాబు దగ్గర, ఒకరు తోట దగ్గర అవసరమైన ఇద్దరు మనుషులుగా పంచుకున్నారు.

న్యూగార్టెన్, వైన్‌స్టీన్ అనే పరిశోధకులు 1964లో తాతయ్య, నానమ్మల తీరుల్ని అయిదుగా విడదీశారు. వాటిలో తల్లిదండ్రుల స్థానంలో నిలిచి పెంచేవారు ఒక రకం. ఈ నానమ్మ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ రకం. ఆరు తరువాత కోడలు బయటికి రాగానే బాబు ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నది ఆవిడ చేతిలో ఉండదు. పెత్తనం రోజుకు రెండుసార్లు చేతులు మారుతుంది, ఆ మారడాన్ని ఎవరూ మాటల్లో చెప్పరు. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో అది గంటకొకసారి మారుతుంది. మనస్తత్వంలో ఏ లోపం లేని ఇద్దరు స్త్రీలు గొడవపడటానికి ఈ ఏర్పాటు చాలు.

దంపతుల సమావేశం

ఫిబ్రవరిలో తాతయ్య రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగారు. ఆయన్నూ నానమ్మనూ ఇద్దరినే కూర్చోబెట్టాను. కొడుకు కొంచెం నొచ్చుకున్నాడు, తను లేకుండా నాన్న సరిగా చెప్పలేరని. అయినా అలాగే జరిపాను.

"ఆయ్, నాకేం ఇబ్బంది లేదండి" అని మొదలుపెట్టారాయన. మణికట్టు గురించి నేను అడగలేదు, నానమ్మను అడగమన్నాను. తొమ్మిది రోజుల పాటు ఎడమచేత్తో చెంచాతో తిన్నానని, రెండు రాత్రులు మజ్జిగ తాగి పడుకున్నానని ఆయన అప్పుడు చెప్పారు. ఆవిడ చాలాసేపు ఏడ్చారు. నేను ఆపలేదు.

తరువాత ఆయన చెప్పిన సంగతి నేను ఊహించనిది. హైదరాబాద్‌లో ఉండలేకపోవడానికి అరుగు లేకపోవడం, పింఛను పోతుందన్న భయం ఒక ఎత్తు. ఆ తరువాత కూడా వచ్చి ఉండకపోవడానికి అసలు కారణం ఇంకొకటి. ఏడాది కిందట కొడుకు తోట అమ్మి ఇంటిరుణం కొంత తీర్చుకుందామని, లేదా తన పేర గిఫ్టు డీడు రాయమని అడిగాడు. తాను ఇక్కడ స్థిరపడితే ఆ మాట మళ్ళీ వస్తుందని, కాదనడానికి అప్పుడు తన చేతిలో ఏమీ ఉండదని ఆయన భయం. భార్యకు చెబితే ఆవిడ కొడుకుతో తగువు పెట్టుకుని కోడలి ముందు చులకన అవుతుందని దాచిపెట్టారు. ఆవిడేమో ఆయన తనకన్నా తోటే ఎక్కువనుకున్నారని ఈ రెండేళ్ళూ బాధపడుతున్నారు.

ఆస్తి విషయంలో సలహా ఇవ్వడం నా పని కాదు, న్యాయవాది దగ్గరికి పంపాను. కానీ తెలిసి ఉండవలసిన కనీస సంగతులు చెప్పాను. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తమను చూసుకోవాలన్న షరతుతో పెద్దలు రాసిచ్చిన ఆస్తిని, ఆ సంరక్షణ అందనప్పుడు ట్రైబ్యునల్ రద్దు చేయవచ్చు. అలాంటి షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది; ఆ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగే దృష్టితో అన్వయించాలని 2025 జనవరిలో మరో తీర్పులో చెప్పింది. రాయక తప్పదనుకుంటే షరతును పత్రంలోనే రాయించుకోవడం మేలని న్యాయవాది కూడా ఆయనకు చెప్పారు. అసలు రాయకుండా ఉండే హక్కు తనకు పూర్తిగా ఉందన్న మాట వినగానే ఆయన ముఖంలో వచ్చిన నిమ్మళాన్ని బట్టి, ఆయనకు కావలసిన సమాచారం ముఖ్యంగా ఇదేనని నాకు అర్థమైంది. 70 నిండినవారికి ఏటా 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆయనకు లేదు. దాన్ని తీసుకునే పని కొడుక్కి అప్పగించాను. వయోవృద్ధుల సహాయ నంబరు 14567ను ఇద్దరి ఫోన్లలోనూ వేయించాను.

ఒప్పందం

ఆయన అనుమతితోనే తోట సంగతి ఉమ్మడి సమావేశంలోకి వచ్చింది. కొడుక్కి కోపం వచ్చింది. ఇంటి విషయాలు బయటివాళ్ళ ముందు పెట్టారని తరువాతి రెండు సమావేశాలకు రాలేదు. కోడలికి ఆ అడగడం గురించి ఏమీ తెలియదు. భర్తతో ఆమె ఏం మాట్లాడిందో నాకు తెలియదు గానీ, మూడో సమావేశానికి అతను వచ్చి, తోట మాట ఇక నాన్నే ఎత్తితే తప్ప తను ఎత్తనని అన్నాడు.

మిగిలిన విషయాల్ని ఒక కాగితం మీద రాసుకున్నారు. రాయడం అనగానే నానమ్మకు నచ్చలేదు, ఇంటి మనుషుల మధ్య కాగితాలేమిటని. రెండేళ్ళుగా జరుగుతూ వచ్చిన గడువు సంగతి గుర్తుచేశాక ఒప్పుకున్నారు. బాబు నర్సరీలో చేరే జూన్ నెలాఖరు దాకా ఆవిడ ఉంటారు. ఈలోగా ప్రతి దింపుకూ పది రోజులు ఊరు వెళతారు, ఆ తేదీలు ముందే క్యాలెండరులో ఉంటాయి. ఆ పది రోజులూ బాబు క్రెష్‌లో, అంటే పిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్రంలో, ఉంటాడు. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూడవచ్చని 2017 సవరణ చెప్పింది. తన ఆఫీసులో అలాంటిదొకటి ఉందో లేదో కోడలు రెండేళ్ళలో అడగలేదు. అడిగితే పని మీద శ్రద్ధ లేదనుకుంటారేమోనని భయపడింది. అడిగితే, ఉంది.

ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఉదయం పూట ఆమె కింది క్లబ్‌హౌస్‌లో కూర్చుంటుంది. బాబుకు టాటా చెప్పి చెప్పులు వేసుకుని వెళుతుంది. మూసిన తలుపు కన్నా వెళ్ళిపోయిన అమ్మను ఆ వయసు పిల్లలు తేలికగా ఒప్పుకుంటారు. హాల్లో కెమెరా తీసి వీధితలుపు దగ్గర బిగించారు. అన్నం ఇక బాల్కనీలో. ఎదురుగా కడుతున్న టవర్ల మీద క్రేన్లు తిరుగుతుంటాయి, వాటిని చూస్తూ బాబు గిన్నె ఖాళీ చేస్తాడని నానమ్మ కనిపెట్టారు. ఫోను పూర్తిగా పోలేదు, రోజుకు అరగంటకు తగ్గింది.

డబ్బు దగ్గర చాలాసేపు ఆగాం. నెలనెలా ఆవిడ ఖాతాలో కొంత వేయాలన్నది నా సూచన. "మనవణ్ణి ఎత్తుకున్నందుకు జీతమా?" అని నానమ్మ లేచి నిలబడ్డారు. అది బాబు కోసం కాదని, తన మాత్రలు, తన ప్రయాణాలు, తాతయ్యకు వంటమనిషి ఇవన్నీ ఎవరినీ అడగకుండా ఆవిడే చూసుకునేందుకని కోడలు చెప్పింది. వంటమనిషి అన్న మాట దగ్గర ఆవిడ కూర్చున్నారు. ఊళ్ళో దూరపు బంధువు ఒకావిడ రోజూ ఒక పూట వచ్చి తాతయ్యకు వండిపెట్టేలా నానమ్మే మాట్లాడారు, డబ్బు ఆవిడే పంపుతారు.

గది విషయంలో నేను పట్టుబట్టాను. రాత్రి తొమ్మిది నుంచి అరగంట పాటు బాబు గదిలో తలుపు వేసుకుని ఆవిడ ఊరికి ఫోను చేసుకుంటారు, ఆ సమయంలో బాబు తండ్రి దగ్గర ఉంటాడు. తాతయ్య వచ్చిన రోజుల్లో బాబు తల్లిదండ్రుల దగ్గర పడుకుంటాడు. చెప్పడానికి ఇంత చిన్న విషయం. దీని గురించి మాట్లాడేటప్పుడు కొడుకు తల ఎత్తలేదు. తల్లిదండ్రులకు ఏకాంతం కావాలన్న ఆలోచనే మన పిల్లలకు ఇబ్బందిగా ఉంటుంది.

మూడు నెలల తరువాత

జీడీఎస్ 9 నుంచి 4కు వచ్చింది. నిద్ర అయిదు, ఆరు గంటలు. స్టవ్ ఘటన మళ్ళీ జరగలేదు. ఇందులో బి12 పాలు ఎంత, కౌన్సెలింగ్ పాలు ఎంత అన్నది విడదీసి చెప్పడం సాధ్యం కాదు. రెండూ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఊరికి వెళ్ళి వచ్చాక మునుపటిలా నిద్ర చెదరడం లేదని మాత్రం నానమ్మ గమనించారు, మళ్ళీ ఎప్పుడు వెళతానో తెలుసు కనుక అన్నది ఆవిడ వివరణ. మానసిక వైద్యుడు మందులు అవసరం లేదన్నారు.

కుదరనివీ ఉన్నాయి. ఆదివారం ఆవిడ వంటింటి జోలికి రాకూడదన్న షరతు రెండు వారాలు కూడా నిలవలేదు. బయటి నుంచి తెప్పించిన బిర్యానీ చూసి పప్పుచారు పెట్టేశారు. ఆటస్థలం దగ్గర చేరే తోటివారితో కలవమంటే, అక్కడంతా కోడళ్ళ మీద చాడీలే అని ఆవిడ వెళ్ళడం మానేశారు. ఉప్పు, నూనె, బాబుకు నలుగు పెట్టడం గురించి అత్తాకోడళ్ళ మధ్య వాదనలు సాగుతూనే ఉన్నాయి, వాటిని తగ్గించాలని నేను ప్రయత్నించలేదు. కొడుకు తండ్రికి తనంతట తాను ఫోను చేయడం ఇంకా లేదు. పింఛను మూడో నెలలో కలిపి వస్తుందని తెలిశాక తాతయ్య ఒకసారి వచ్చి మూడు వారాలు ఉన్నారు గానీ, తోట ప్రశ్న చల్లారిందని ఆయన నమ్ముతున్నట్టు నాకు అనిపించలేదు. ఇద్దరిలో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్నను ఒకసారి ఎత్తాను. నలుగురూ మాట మార్చారు.

ఫైలు మూయడానికి వీల్లేకుండా బెంగళూరు నుంచి కొత్త కబురు వచ్చింది. కూతురికి అయిదో నెల. కాన్పు అక్కడే చేయించుకుంటుందట, ఆ తరువాత ఆరు నెలలు అమ్మ వచ్చి ఉండాలని అడుగుతోంది. నానమ్మ జవాబు నాకు కోడలు ఫోనులో చెప్పింది: వస్తే నాన్నను తీసుకునే వస్తాను, మూడు నెలలకు మించి ఉండను, మధ్యలో దింపుకు ఇద్దరం వెళ్ళి వస్తాం, అలా కుదరదంటే ఇక్కడికే రా, పురుడు మనింట్లోనే పోసుకుందాం. కూతురి ఇంట్లో అదనంగా ఉన్నది ఒకటే గది, ఆ నెలల్లో ఆమె అత్తమామలు కూడా రానున్నారు. కాన్పుకు ముందే రెండు కుటుంబాలనూ వీడియోలో ఒకసారి కూర్చోబెట్టమని ఈసారి కొడుకే అడిగాడు.